దూకుడు వేరు, కక్ష వేరు: ఒళ్లు తగిలే ఆటలు మనిషిని కొట్లాటకు దించుతాయా?

హైదరాబాద్ పాతబస్తీలో 'పహిల్వాన్' అన్న మాటకు రెండర్థాలున్నాయి. తెల్లారకముందే లేచి, తాలీంలో మట్టి తవ్వి, దండీలు బస్కీలు తీసి కుస్తీ పట్టేవాడు ఒక పహిల్వాన్. ఖాళీ జాగా కనిపిస్తే నలుగురిని వెంటేసుకొచ్చి సెటిల్‌మెంట్ మాట్లాడేవాడు ఇంకో పహిల్వాన్. కోస్తాలో 'వస్తాదు' సంగతీ అంతే. ఉస్తాద్ అంటే గురువు. మన దగ్గరికి వచ్చి కుస్తీ నేర్పే గురువయ్యాడు, అక్కణ్నుంచి జారి 'ఏంరా, పెద్ద వస్తాదువా?' అన్న వెటకారంలోకి చేరాడు. మాటలు ఊరికే అర్థం మార్చుకోవు. ఒళ్లు పెంచి, పట్లు నేర్చినవాడు ఏదో ఒకరోజు ఆ బలం మన మీదే చూపిస్తాడన్న అనుమానం జనానికి ఎప్పటినుంచో ఉంది.

ఆ అనుమానానికి ఎదురు సాక్ష్యాలూ ఇక్కడే దొరుకుతాయి. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు ఛాతీ మీద ఏనుగును మోశాడని, ఇనుప గొలుసులు తెంచాడని కథలు కథలుగా చెప్పుకుంటారు. మనిషి శాకాహారి, ప్రాణాయామం సాధన చేసినవాడు. 'కలియుగ భీముడు' అన్న బిరుదు బలానికి వచ్చిందే, కోపానికి వచ్చింది కాదు. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ బాక్సింగ్ చాంపియన్ అయింది. ఎదుటి మనిషి మొహం మీద గుద్దడం ఆమె వృత్తి. రింగు దిగాక ఆమె ఎవరినైనా గుద్దుతుందేమోనని ఎవరూ భయపడరు. కానీ రెండు ఒలింపిక్ పతకాలు తెచ్చిన సుశీల్ కుమార్ 2021 మేలో ఒక యువ మల్లుడి హత్య కేసులో అరెస్టయినప్పుడు, కోర్టు ఏం తేలుస్తుందోనని ఆగకుండానే 'కుస్తీవాళ్లు అంతేలే' అన్న మాట చాలామంది నోట వచ్చేసింది.

పిల్లాణ్ని బాక్సింగ్‌లోనో కరాటేలోనో చేర్చాలనుకున్న ఇంట్లో ఈ చర్చ తప్పదు. 'వద్దు, వీధిలో అందరినీ కొట్టి వస్తాడు' అంటుంది అమ్మ. 'ఉన్న కోపమంతా అక్కడ కక్కేసి ఇంటికి చల్లగా వస్తాడు' అంటాడు నాన్న. అరవై ఏళ్లుగా మనస్తత్వ శాస్త్రవేత్తలు చేస్తున్న వాదన కూడా దాదాపు ఇదే, పేర్లు మాత్రం పెద్దవి. నాకు అర్థమైనంతలో అమ్మా నాన్నా ఇద్దరూ చూడాల్సినచోట చూడటం లేదు. ఇద్దరి కళ్లూ ఆట మీదే ఉన్నాయి. బరి చుట్టూ నిలబడి 'శెభాష్' అనేది ఎవరు, ఏ దెబ్బకు అంటున్నారు అన్నది ఎవరికీ పట్టలేదు.

మూడు మాటలు

ఇంగ్లిషులో 'అగ్రెషన్' అని ఒక్క మాట పెట్టుకుని, దాన్ని ముక్కలు చెయ్యడానికి పరిశోధకులు నానా అవస్థ పడ్డారు. తెలుగులో ఆ ముక్కలు ముందే ఉన్నాయి. క్రీడల పేజీలో 'దూకుడుగా ఆడాడు' అంటే మెచ్చుకోలు. 'కసిగా ఆడాడు' అంటే వెనక ఏదో ఓటమో అవమానమో ఉందని అర్థం. 'కక్షతో ఆడాడు' అని మాత్రం ఎవరూ పొగడ్తగా రాయరు.

కబడ్డీనే తీసుకోండి. రెయిడర్ కూత పెడుతూ అవతలి కోర్టులోకి అడుగు పెడతాడు. చేతిలో ఉన్నవి 30 సెకన్లు, ఎదురుగా ఏడుగురు. మూలనున్నవాడు చీలమండ దొరకబుచ్చుకుంటాడు, పక్కనున్నవాడు భుజంతో గుద్దుతాడు, మిగతావాళ్లు మీద పడతారు. ఆట తెలియనివాడికి ఏడుగురు కలిసి ఒకణ్ని తన్నుతున్నట్టే కనిపిస్తుంది. వాళ్లకు కావాల్సింది మాత్రం అతని చెయ్యి మధ్యగీతను తాకకుండా ఆపడం, అంతే. నొప్పి పుట్టకుండా ఆపగలిగితే ఇంకా సుఖం, దెబ్బ తగిలేది తమకూ కదా. రిఫరీ విజిల్ పడగానే పట్టు వదిలేస్తారు, చాలాసార్లు చెయ్యి అందించి లేపుతారు. దూకుడుకు గుర్తు అదే: పని అయిపోగానే ఆగిపోతుంది.

కక్ష విజిల్‌కు ఆగదు. అందుకే కబడ్డీ నియమాల్లో చెయ్యకూడనివి విడిగా రాసి ఉంటాయి. రెయిడర్ నోరు మూయకూడదు, గొంతు నొక్కకూడదు, కాళ్లతో కత్తెర వెయ్యకూడదు, జుట్టో బట్టలో పట్టి లాగకూడదు. (ఈ జాబితా చదువుతుంటే ఇవన్నీ ఎవరో ఒకరు ఎప్పుడో చేసి చూసినవేనని అర్థమవుతుంది.) మొదట ఆకుపచ్చ కార్డుతో హెచ్చరిస్తారు. పసుపు కార్డుకు 2 నిమిషాలు బయట కూర్చోవాలి. ఎరుపు చూపిస్తే ఆ మ్యాచ్ అంతటికీ సెలవు.

భారతంలో ఈ తేడా ఇంకా సూటిగా ఉంది. గదాయుద్ధంలో నాభి కింద కొట్టకూడదు. ఆ సంగతి తెలియక భీముడు దుర్యోధనుడి తొడ విరగ్గొట్టలేదు. ఇద్దరికీ గద నేర్పిన బలరాముడే ఆ దెబ్బ చూసి మండిపడి నాగలి ఎత్తాడు. ఆ దెబ్బ గురువు నేర్పిన విద్యలోంచి రాలేదు, ఏనాటిదో ద్రౌపదిని ఈడ్చుకొచ్చిన సభలోంచి వచ్చింది. 1997 జూన్ 28న లాస్ వెగాస్‌లో మైక్ టైసన్ ఇవాండర్ హోలీఫీల్డ్ చెవి కొరికాడు. లైసెన్సు రద్దయింది, 30 లక్షల డాలర్ల జరిమానా పడింది. టైసన్‌కు బాక్సింగ్ నేర్పినవాళ్లెవరూ కొరకడం నేర్పలేదు. హోలీఫీల్డ్ తలతో పదేపదే కుమ్ముతున్నాడన్న కోపంతో ఆట నియమాల బయటికి దూకేశాడతను. 2006 ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్లో ఫ్రాన్స్ ఆటగాడు జిదాన్ ఇటలీ ఆటగాడు మాటెరాజీ ఛాతీని తలతో కుమ్మినప్పుడు బంతి వాళ్ల దగ్గర్లో కూడా లేదు. జిదాన్ అక్క గురించి ఒక మాట గాల్లో ఉంది, అంతే.

అంటే గట్టిగా కొట్టడం వేరు, కోపంతో కొట్టడం వేరు, మైదానం దాటాక ఇంట్లోనో బార్‌లోనో కొట్టడం మరీ వేరు. ఈ మూడింటినీ ఒకే తాడుతో కట్టడం వల్లే వాదన తెగదు.

కుక్కర్ సిద్ధాంతం

నాన్న వాదనను శాస్త్రం భాషలో చెప్పినవాడు ఆస్ట్రియా శాస్త్రవేత్త కోన్రాడ్ లోరెంజ్. జంతువుల ప్రవర్తన మీద పని చేసి తర్వాత నోబెల్ కూడా అందుకున్నాడు. 1963లో ఆయన చెప్పిన మాట సారాంశం ఇది: కలబడే గుణం మనిషిలో ఆవిరిలా పేరుకుంటుంది, ఆటలు ఆ ఆవిరిని ప్రమాదం లేకుండా బయటికి పంపే దారి. విజిల్ వేసే కుక్కర్ పేలదు కదా, అలాగే. వినడానికి ఎంత సబబుగా ఉంటుందంటే ఇప్పటికీ కోచ్‌లు, టీచర్లు, పోలీసు అధికారులు దీన్నే చెబుతారు.

1973లో రిచర్డ్ సైప్స్ అనే మానవ శాస్త్రవేత్త దీన్ని చాలా తేలికైన పద్ధతిలో పరీక్షించాడు. ఆటల్లో ఆవిరి పోయేదే నిజమైతే, ఎప్పుడూ యుద్ధాలు చేసే జాతుల్లో కలబడే ఆటలు తక్కువ ఉండాలి, ఆవిరి అక్కడే ఖర్చవుతోంది కనుక. శాంతంగా బతికే జాతుల్లో అలాంటి ఆటలు ఎక్కువ ఉండాలి. ఆయన యుద్ధప్రియమైన సమాజాలు పది, శాంతియుతమైనవి పది ఎంచుకుని లెక్కచూశాడు. యుద్ధాలు చేసే పదింటిలో తొమ్మిదింటికి కలబడే ఆటలున్నాయి. శాంతంగా ఉండే పదింటిలో రెండింటికే ఉన్నాయి. లోరెంజ్ చెప్పినదానికి సరిగ్గా తలకిందులు. సమాజం దేన్ని మెచ్చుకుంటుందో అది యుద్ధంలోనూ ఉంటుంది, ఆటలోనూ ఉంటుంది.

ఇరవై జాతుల లెక్క చిన్నదే, దాని మీద మేడలు కట్టలేం. అందుకే 2002లో బ్రాడ్ బుష్‌మన్ చేసిన ప్రయోగం నాకు ఇంకా నచ్చుతుంది. 600 మంది కాలేజీ విద్యార్థుల చేత వ్యాసం రాయించి, దాన్ని ఘోరంగా తిట్టి వెనక్కి ఇప్పించాడు. అందరికీ ఒళ్లు మండింది. తర్వాత కొందరికి పంచింగ్ బ్యాగ్ ఇచ్చి, తిట్టినవాణ్ని తలచుకుంటూ కొట్టమన్నాడు. ఇంకొందరిని వ్యాయామం అనుకుని కొట్టమన్నాడు. మూడో గుంపును ఏమీ చెయ్యకుండా రెండు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టాడు. ఆపైన ప్రతి ఒక్కరికీ ఎదుటివాడి చెవిలో పెద్ద శబ్దం పెట్టే అవకాశం ఇచ్చాడు, ఎంత గట్టిగా, ఎంతసేపన్నది వాళ్ల ఇష్టం. తిట్టినవాణ్ని తలచుకుంటూ బ్యాగ్‌ను చితక్కొట్టినవాళ్లే అందరికంటే కోపంగా ఉన్నారు, అందరికంటే క్రూరంగా శబ్దం పెట్టారు. ఊరికే కూర్చున్నవాళ్లు అందరికంటే నయం.

అత్త మీద కోపం దుత్త మీద చూపించడం మనకు కొత్తేం కాదు. అయితే దుత్త పగిలాక కోపం తగ్గుతుందని ఆ సామెత ఎక్కడా మాట ఇవ్వలేదు.

2024లో బుష్‌మన్, సోఫీ కేర్విక్ కలిసి 154 అధ్యయనాలు, 10 వేలమందికి పైగా మనుషుల వివరాలు ఒకచోట చేర్చి చూశారు. ఒంట్లో వేడి పెంచే పనులు కోపాన్ని తగ్గించలేదు. పరుగు అయితే కాస్త పెంచింది కూడా. శ్వాస మీద ధ్యానం, కండరాలు వదులు చేసుకోవడం వంటి ఒళ్లు చల్లబరిచే పనులే తగ్గించాయి. రామమూర్తి నాయుడి ప్రాణాయామం ఇక్కడ గుర్తొస్తే తప్పు లేదు. ఇంకో చిన్న విశేషం: బంతాటల వంటివి మాత్రం కోపాన్ని కొంచెం తగ్గించాయి, బహుశా వాటిలో నవ్వూ తోడూ ఉండటం వల్ల కావచ్చు.

ప్రాక్టీసు నుంచి వచ్చిన పిల్లాడు సోఫాలో పడి నిద్రపోతుంటే 'చూశావా, కోపమంతా పోయింది' అంటాడు నాన్న. పోయింది ఓపిక. అది పొద్దునకల్లా తిరిగొస్తుంది.

ఆరు నెలల సావాసం

మరి అమ్మ వాదన? దానికి మద్దతుగా గట్టి లెక్కలే ఉన్నాయి. నార్వేలో ఎండ్రెసన్, ఓల్వేయస్ అనే ఇద్దరు పరిశోధకులు 11 నుంచి 13 ఏళ్ల వయసున్న 477 మంది మగపిల్లలను రెండేళ్లపాటు గమనించి 2005లో ఫలితాలు ప్రకటించారు. బాక్సింగ్, కుస్తీ, వెయిట్ లిఫ్టింగ్, కరాటే వంటి యుద్ధ విద్యల్లో చేరిన పిల్లలు ఆట బయట కొట్లాటలు, ఇతర వెధవపనులు ఎక్కువ చేశారు. ముందునుంచే అల్లరివాళ్లు కనుక అక్కడ చేరారన్న వివరణ ఆ లెక్కలకు సరిపోలేదు.

ఇక్కడితో ఆగితే అమ్మ గెలిచినట్టే. కానీ ఆ జాబితా ఇంకోసారి చదవండి. వెయిట్ లిఫ్టింగ్! అందులో ఎదుటి మనిషే లేడు. ఇనుమునే ఎత్తుతారు, ఇనుమునే దించుతారు. ఒళ్లు తగలడమే కోపానికి కారణమైతే బరువులు ఎత్తే పిల్లాడు ఆ జాబితాలో ఉండకూడదు. ఆ నాలుగు చోట్లా ఉమ్మడిగా ఉన్నది దెబ్బ కాదు. బలమే మగతనం అనుకునే వాతావరణం, దాన్ని ఆరాధించే పెద్దపిల్లలు, అద్దం ముందు కండలు చూసుకునే అలవాటు.

అమెరికాలో డెరెక్ క్రీగర్ 2007లో హైస్కూలు మగపిల్లల వివరాలు తిరగేశాడు. అమెరికన్ ఫుట్‌బాల్, కుస్తీ ఆడే పిల్లలు పెద్ద కొట్లాటలో దిగే అవకాశం ఏ ఆటా ఆడనివాళ్ల కంటే 40 శాతానికి పైగా ఎక్కువ. బాస్కెట్‌బాల్, బేస్‌బాల్ ఆడేవాళ్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు. టెన్నిస్ ఆడేవాళ్లలో ఇంకా తక్కువ. అమ్మకు ఇది కూడా కలిసొచ్చేదే. క్రీగర్ ఇంకో అడుగు వేసి పిల్లాడి స్నేహితులు ఎవరని చూశాడు. స్నేహితుల్లో ఎక్కువమంది ఫుట్‌బాల్ ఆడేవాళ్లయితే వీడికి కొట్లాట ముప్పు ఎక్కువైంది. అంటే దెబ్బలాట మైదానంలోంచి కాళ్లు చేతులు పట్టుకుని రాదు, మైదానం బయట కలిసి తిరిగే గుంపులోంచి వస్తుంది. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారని మనవాళ్లు ఊరికే అనలేదు.

ఆ ఆరు నెలలు అన్నది నిజంగానే ఒక ప్రయోగంలో ఉంది. మైఖేల్ ట్రల్సన్ 1986లో, అప్పటికే గొడవల్లో ఇరుక్కున్న 34 మంది కుర్రాళ్లను మూడు గుంపులు చేశాడు. ఒక గుంపుకు సంప్రదాయ పద్ధతిలో తైక్వాండో నేర్పారు: ముందు ధ్యానం, ఎదుటివాడికి వంగి నమస్కారం, ఓర్పు గురించి మాటలు, తర్వాతే తన్నులు. రెండో గుంపుకు అవన్నీ తీసేసి ఒట్టి ఫైటింగ్ నేర్పారు. మూడో గుంపు పరుగు, బాస్కెట్‌బాల్ వంటివి ఆడింది. మూడు గుంపులకూ శిక్షకుడు ఒక్కడే. ఆరు నెలలకు మొదటి గుంపు కుర్రాళ్లలో కలబడే గుణం తగ్గింది, రెండో గుంపులో పెరిగింది. తన్ను అదే, కాలు అదే. 34 మందితో ప్రపంచాన్ని తేల్చలేం గాని, నార్వే లెక్కనూ దీన్నీ పక్కపక్కన పెడితే ఒకే దిక్కు చూపిస్తాయి.

మన పాత తాలీంఖానాల్లో బరిలోకి దిగేముందు మట్టి కళ్లకద్దుకోవడం, ఆంజనేయుడికో పీర్‌కో మొక్కడం, వస్తాదు కాళ్లకు దండం పెట్టడం ఉండేవి. వాటిని భక్తి అనుకుంటాం. పని మాత్రం ట్రల్సన్ మొదటి గుంపులో ధ్యానం చేసిన పనే: ఇక్కడినుంచి ఇక్కడివరకే కొట్టడం, ఆ తర్వాత కాదు అని గీత గియ్యడం. ఆ గీత చెరిగిన తాలీంలోంచే రెండో అర్థం పహిల్వాన్లు వచ్చారని నా అనుమానం. రుజువు చెయ్యలేను.

(హార్మోన్ల మాట ఎవరో ఒకరు తెస్తారు కనుక ఒక్క ముక్క. గెలిచినవాళ్లలో టెస్టోస్టిరాన్ పెరగడం నిజమే. 1992లో చదరంగం ఆటగాళ్లలోనూ అదే కనిపించింది. చదరంగం క్లబ్బులో పిల్లాణ్ని చేర్చడానికి ఏ తల్లీ భయపడదు.)

తన్నులకు జీతం

1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ మహర్నవమి ఉత్సవాల్లో జెట్టీల పోరు చూశాడు. పళ్లు రాలేలా, కళ్లు పోయేలా, మొహాలు పాడయ్యేలా కొట్టుకునేవాళ్లని, మాట పడిపోయినవాళ్లను స్నేహితులు మోసుకెళ్లేవాళ్లని రాశాడు. అదే చోట ఇద్దరినీ సమానంగా బరిలో నిలబెట్టే పెద్దలు, గెలిచినవాడికి దక్కాల్సిన గౌరవం ఇప్పించే న్యాయనిర్ణేతలు ఉండేవాళ్లనీ రాశాడు. ఐదొందల ఏళ్ల కిందటి ఈ రెండు వాక్యాల్లో విషయమంతా ఉంది. కన్నుపోయే దెబ్బకు అనుమతి ఇచ్చింది జెట్టి కండలు కావు, ఆ పెద్దలూ ఆ పండగా.

దీన్ని మన కాలంలో చూడాలంటే ఉత్తర అమెరికా ఐస్ హాకీకి మించింది లేదు. నేషనల్ హాకీ లీగ్‌లో ఆట మధ్యలో ఇద్దరు చేతితొడుగులు విసిరేసి పిడికిళ్లతో కొట్టుకుంటే రిఫరీలు కాసేపు చుట్టూ తిరుగుతూ చూస్తారు. శిక్ష 5 నిమిషాలు బయట కూర్చోవడం. దీనికోసమే జట్లు మనుషులను పెట్టుకునేవి. డెరెక్ బూగార్డ్ అలాంటివాడు. 277 మ్యాచ్‌లు ఆడి 3 గోల్స్ కొట్టాడు. జట్టు అతన్ని గోల్స్‌కు తీసుకోలేదు, తమ మంచి ఆటగాడి జోలికి వచ్చినవాణ్ని చితక్కొట్టడానికి తీసుకుంది. నొప్పి మాత్రలు, మద్యం కలిసి 2011లో 28 ఏళ్లకే చనిపోయాడు.

ఇదే లీగ్ ఆటగాళ్లు 1998 నుంచి 2014 వరకు ఐదు వింటర్ ఒలింపిక్స్ ఆడారు. అదే మంచు, అవే కర్రలు, అవే కండలు, దేశం పరువు అదనం. చేతితొడుగులు విసిరేసి కొట్టుకోవడం మాత్రం దాదాపు కనిపించలేదు. అక్కడి నియమాల్లో కొట్లాటకు దిగితే మ్యాచ్ నుంచే పంపేస్తారు మరి. 2025 ఫిబ్రవరిలో మాంట్రియల్‌లో అమెరికా, కెనడా జట్లు తలపడ్డాయి. ఆ టోర్నీని నడిపింది నేషనల్ హాకీ లీగే. మొదటి 9 సెకన్లలో మూడు కొట్లాటలు! మనుషులు మారలేదు, శిక్ష మారింది.

2012లో బయటపడ్డ న్యూ ఓర్లీన్స్ సెయింట్స్ వ్యవహారం ఇంకా నీచమైనది. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు అది. ఎదుటి ఆటగాణ్ని మైదానం నుంచి మోసుకుపోయేలా కొడితే 1,000 డాలర్లు, ఆ మ్యాచ్‌లో మళ్లీ దిగలేకుండా చేస్తే 1,500 డాలర్లు చొప్పున లోపల్లోపల బహుమతులు నడిచాయని లీగ్ విచారణ తేల్చింది. హెడ్ కోచ్ షాన్ పేటన్‌ను ఏడాదిపాటు పక్కన పెట్టారు. లక్షల డాలర్ల జీతగాళ్లకు వెయ్యి డాలర్లు ఒక లెక్కా? లెక్క కాదు. అది పదిమంది ముందు దక్కే 'శెభాష్'.

నల్ల జెర్సీ కథ కూడా చెప్పాలి. 1988లో ఫ్రాంక్, గిలోవిచ్ అనే ఇద్దరు నల్ల దుస్తులు వేసుకునే జట్లకు శిక్షలు ఎక్కువ పడుతున్నాయని చూపించారు. పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్ అనే ఐస్ హాకీ జట్టు నలుపులోకి మారాక పెనాల్టీలు పెరిగాయన్నారు. అందరికీ తెగ నచ్చింది. 2011లో మరో ఇద్దరు హాకీలో చాలా ఏళ్ల లెక్కలు తిరగేస్తే ఆ తేడా దొరకలేదు. చెప్పుకోవడానికి బాగున్న ఫలితాన్ని రెండుసార్లు తూకం వెయ్యాలనడానికి దీన్ని గుర్తుపెట్టుకున్నాను.

పేపర్లో కనిపించేది, కనిపించనిది

అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లంటే నేరస్థులన్న పేరు పడిపోయింది. 2014లో రే రైస్ ఒక హోటల్ లిఫ్టులో కాబోయే భార్యను కొట్టి పడేసిన వీడియో ప్రపంచమంతా చూసింది. అయితే నేర గణాంకాల నిపుణుడు ఆల్ఫ్రెడ్ బ్లమ్‌స్టీన్, జర్నలిస్టు జెఫ్ బెనెడిక్ట్ 1999లోనే ఆ లీగ్ ఆటగాళ్ల అరెస్టులను అదే వయసు మగవాళ్ల అరెస్టులతో పోల్చారు. దాడి కేసుల్లో ఆటగాళ్ల రేటు మామూలు మగవాళ్ల రేటులో సగం కంటే తక్కువ తేలింది. వీధిలో కొట్టుకునే ఎవడి ఫొటో పేపర్లో రాదు, స్టార్ ఆటగాడిది మొదటి పేజీలో వస్తుంది. మన లెక్క అక్కడే తప్పుతుంది.

ఆటగాళ్లను ఇంతటితో వదిలెయ్యలేం. 2014లో జరిగిన ఒక విశ్లేషణలో వాళ్ల మొత్తం అరెస్టులు జాతీయ సగటులో 13 శాతమే ఉంటే, ఇంట్లో ఆడవాళ్లను కొట్టిన కేసుల్లో మాత్రం 55 శాతం దాకా ఉన్నాయి. సగటు కంటే తక్కువే, నిజం. అన్ని నేరాలూ అంతగా పడిపోయినచోట ఈ ఒక్కటి ఎందుకు పడిపోలేదు? అంత సంపాదన ఉన్నవాళ్లలో ఇది ఎక్కువే. దీనికి జవాబు ట్యాకిల్‌లో వెతకడం నాకు సబబనిపించదు. ఆడవాళ్ల గురించి లాకర్ రూముల్లో నడిచే మాటల్లో, కేసు బయటపడినా ఆటగాణ్ని కాపాడే యాజమాన్యాల్లో వెతకాలి.

తలకు తగిలిన దెబ్బ

ఇంతవరకూ 'చుట్టూ ఉన్నవాళ్లు' అంటూ వచ్చాను. ఒక్కచోట మాత్రం దెబ్బే నేరుగా మనిషిని మార్చగలదు. ఆ చోటు మెదడు.

1928లోనే న్యూజెర్సీ వైద్యుడు హారిసన్ మార్ట్‌లాండ్ పాత బాక్సర్లలో తూలడం, మాట తడబడటం, మతి తప్పడం గమనించి రాశాడు. 2002లో పిట్స్‌బర్గ్‌లో బెనెట్ ఒమాలు అనే నైజీరియా వైద్యుడు మాజీ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు మైక్ వెబ్‌స్టర్ మెదడును కోసి చూసి, అందులో పాడైన ప్రొటీన్ ముద్దలు కనుక్కున్నాడు. దీన్ని సీటీఈ అంటున్నారు. పదేపదే తలకు దెబ్బలు తగిలినవాళ్లలో ఏళ్ల తర్వాత మెదడు లోపల్లోపల శిథిలమయ్యే జబ్బు. స్పృహ తప్పించే పెద్ద దెబ్బే అక్కర్లేదు, రోజువారీ ప్రాక్టీసులో తగిలే చిన్న దెబ్బలు పోగుపడినా చాలు. నుదుటి వెనక మెదడు భాగం మనకు కళ్లెం లాంటిది. ఆ కళ్లెం దెబ్బతింటే కోపం ఆపుకునే శక్తి తగ్గుతుంది. 2017లో బోస్టన్ పరిశోధకులు ఆ ఫుట్‌బాల్ లీగ్‌లో ఆడిన 111 మంది మాజీ ఆటగాళ్ల మెదళ్లు పరీక్షిస్తే 110 మందిలో ఈ జబ్బు ఉంది. అవి కుటుంబాలు దానం చేసిన మెదళ్లు. ఇంట్లో మనిషి మారిపోయాడని అనుమానం ఉన్నవాళ్లే ఎక్కువ ఇస్తారు కనుక ఆటగాళ్లందరిలో 99 శాతానికి ఉందని దీన్ని చదవకూడదు.

అదే లీగ్‌లో ఆడిన ఆరన్ హెర్నాండెజ్ 2015లో హత్య కేసులో దోషిగా తేలి, 2017లో 27 ఏళ్ల వయసులో జైల్లో ఉరేసుకున్నాడు. అతని మెదడులో సీటీఈ మూడో దశకు చేరిందని తేలింది. మొత్తం నాలుగే దశలు. హత్యకు కారణం దొరికిందని చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. చిన్నప్పుడు తండ్రి విపరీతంగా కొట్టేవాడని అతని అన్న తర్వాత చెప్పాడు. మాదకద్రవ్యాలు, తుపాకులు, చెడు సావాసం అన్నీ ఉన్నాయి. అదే దశ జబ్బుతో ఎవరినీ చంపకుండా, అద్దాల బీరువా దగ్గర దారి మర్చిపోయి నిలబడి చనిపోయినవాళ్లూ ఉంటారు. ఒక్క ముద్ద ప్రొటీన్‌కు ఒక హత్య అప్పగించలేం.

అమ్మ భయపడాల్సింది నిజానికి ఇక్కడ. వీధిలో ఎవరిని కొడతాడోనని కాకుండా, తలకు ఎన్ని తగిలాయో లెక్కపెట్టేవాడు ఆ క్లబ్బులో ఉన్నాడా అని. కళ్లు తిరుగుతున్నాయన్న పిల్లాణ్ని 'ఏం కాదు, పద' అని మళ్లీ రింగులోకి తోసే కోచ్ దగ్గర ఒక్క పూట కూడా ఉంచకూడదు. కోచ్ కోప్పడ్డా సరే. పిల్లాడు ఏడ్చినా సరే.

గీత బయట

చివరగా, ఎవరూ లెక్కలోకి తీసుకోని గుంపు ఒకటుంది. ఒంటికి దెబ్బ తగలనివాళ్లు, చెమట పట్టనివాళ్లు.

గోల్డ్‌స్టీన్, ఆర్మ్స్ 1971లో ప్రచురించిన అధ్యయనంలో అమెరికా సైన్యం, నౌకాదళం జట్ల మధ్య ఫుట్‌బాల్ మ్యాచ్‌కు వచ్చిన మగవాళ్లను ఆటకు ముందూ తర్వాతా ప్రశ్నలడిగారు. మ్యాచ్ తర్వాత వాళ్లలో పగ పెరిగింది. తమ జట్టు గెలిచిందా ఓడిందా అన్నదాంతో నిమిత్తం లేదు. జిమ్నాస్టిక్స్ చూడ్డానికి వచ్చినవాళ్లలో పెరగలేదు. ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో 2002, 2006, 2010 ప్రపంచకప్‌ల నాటి పోలీసు రికార్డులు చూస్తే, ఇంగ్లండ్ ఆడి గెలిచిన లేదా డ్రా చేసుకున్న రోజుల్లో గృహహింస ఫిర్యాదులు 26 శాతం పెరిగాయి. ఓడిన రోజుల్లో 38 శాతం. అమెరికాలో కార్డ్, డాల్ అనే ఆర్థికవేత్తలు 2011లో ఇంకా సన్నని సంగతి పట్టుకున్నారు. ఊరి జట్టు ఓడుతుందని ముందే అనుకున్నరోజు ఓడితే ఏమీ లేదు. తప్పక గెలుస్తుందనుకున్నరోజు ఓడితే ఇళ్లలో భార్యల మీద, స్నేహితురాళ్ల మీద మగవాళ్ల దాడులు 10 శాతం పెరిగాయి. మైదానంలో ఒకరినొకరు గుద్దుకున్నవాళ్లు స్నానాలు చేసి బస్సెక్కుతున్న వేళకు, సోఫాలో కూర్చుని చూసినవాడు ఇంట్లో చెయ్యెత్తుతున్నాడు.

చిన్నప్పుడు మా ఊళ్లో సంక్రాంతికి, వరి కోసిన మడిలో సున్నం గీతలు వేసి చెడుగుడు పోటీలు పెట్టేవాళ్లు. ఒక ఏడాది చివరి ఆటలో పెద్ద తన్నులాట అయింది. కర్రలు లేచాయి, ఒకాయన తల పగిలింది, పోలీసులు వచ్చారు. కొట్టుకున్న పదిమందిలో ఆ రోజు గీత దాటి కూతకు వెళ్లినవాడు ఒక్కడూ లేడు. అందరూ పందేలు కాసినవాళ్లే. ఆటలో గుద్దుకున్న ఇద్దరూ అప్పటికే బోరు దగ్గరికి వెళ్లిపోయారు. ఒకడు పంపు కొడుతుంటే రెండోవాడు మోకాలి మీది మట్టి కడుక్కుంటూ, అటువైపు అరుపులు విని, 'ఏమైందిరా అక్కడ?' అని అడిగాడు.